మొదటి ఉద్యోగం: మీకు పని నేర్పిందెవరు?

చిక్కడపల్లి పాఠకుడు

మా అన్నయ్య కొడుకు ఈ నెలే గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరాడు. మొదటి వారమంతా ఎవరూ పలకరించలేదట. వీడియోలు చూసుకోమని ఒక లంకె పంపి ఊరుకున్నారట. వాడు ఆ మాట చెబుతుంటే నాకు పని నేర్పిన మనిషి గుర్తొచ్చారు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1982లో డిగ్రీ పరీక్షలు రాసి, ఫలితాలు రాకముందే చిక్కడపల్లిలోని ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరాను. నగరంలో అప్పటికే ఆఫ్‌సెట్ ముద్రణ ఉన్నా మా దగ్గర మాత్రం చేత్తో పేర్చే సీసపు అక్షరాలే. ఏటవాలుగా నిలబెట్టిన కేసులు, అంటే అక్షరాల పెట్టెలు, వాటి నిండా గళ్లు. గుణింతాలకు, ఒత్తులకు వేటికవే గళ్లు. అక్షరాలు పేర్చేవాళ్లకు పెద్ద అయిన హెడ్ కంపోజిటర్ గారు ఏడో తరగతితోనే బడి మానేసిన మనిషి. అచ్చు దిమ్మె మీద తిరగబడి ఉన్న అక్షరాలను మనం వార్తాపత్రిక చదివినంత సులువుగా చదివేసేవారు.

నా చేతికి ఇచ్చిన మొదటి ప్రూఫు ఒక పెళ్లి శుభలేఖ. దానితో పాటు పంచాంగం కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు. తేదీ, వారం, తిథి, నక్షత్రం నాలుగూ పంచాంగంతో కలిసిన తర్వాతే మిగతా వాక్యాల జోలికి వెళ్లాలి. ఆ తర్వాత ఇంటిపేర్లు. చివరగా వధూవరుల పేర్లు, అవి కూడా వెనక నుంచి ముందుకు ఒక్కో అక్షరం చొప్పున. "అర్థం తెలిస్తే కన్ను పరుగెడుతుంది బాబూ. దాన్ని పరుగెత్తనివ్వకూడదు" అనేవారు.

ఆ శీతాకాలమంతా ఎన్నికల హడావిడి. మార్చిలో పుట్టిన తెలుగుదేశం జనవరి 1983 ఎన్నికలకు సిద్ధమవుతోంది. మా ట్రెడిల్ మిషను రాత్రిళ్లు కూడా ఆగలేదు. ఒక బల్ల మీద కాంగ్రెస్ కరపత్రం, పక్క బల్ల మీద తెలుగుదేశం కరపత్రం. ప్రూఫులు ఎప్పుడూ బోర్లించే ఉంచాలని హెడ్ కంపోజిటర్ గారి ఆజ్ఞ. మామూలు రోజుల్లో పాడైన కాగితాలు పొట్లాలకని కిరాణా కొట్టుకు వెళ్లేవి. పోలింగు ముగిసేదాకా అది కూడా బంద్. ఎవరి మాటలైనా బయటికి పొక్కితే ప్రెస్సు పరువు పోతుందని ఆయన భయం. యజమానికి లేని భయం ఆయనకుండేది.

జీతం సంగతి అడగకండి, శనివారం శనివారం విడతలుగా వచ్చేది. మీ అనుభవాలు కూడా రాయండి.

ఉస్తాద్ శిష్యుడు

మంచి చర్చ. నాది బాలానగర్. ఐటీఐ పూర్తిచేసి ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మీద చేరాను. అప్పట్లో బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల అంతా పెద్ద కంపెనీల ఆర్డర్ల మీద బతికే చిన్న షెడ్లే. పెద్ద కంపెనీలో సైరన్ మోగితే మా షెడ్లో టీ తాగే వేళయిందన్నమాట.

మా ఉస్తాద్ చాలా రోజులు నన్ను మిషను ముట్టుకోనివ్వలేదు. రజను ఊడవడం, కూలెంట్ నింపడం, పనిముట్లు తుడిచి పెట్టడం, అంతే. మొదట నేర్పింది ఒక్కటే సూత్రం: పనిముక్కను పట్టి ఉంచే చక్‌లో దాన్ని బిగించే తాళం ఉండగా ఆ తాళం మీద నుంచి చెయ్యి తీయకూడదు. తాళం మరిచిపోయి మిషను ఆన్ చేస్తే అది తూటాలా ఎగురుతుంది. పక్క షెడ్లో ఒకాయనకు దవడ ఎముక విరిగింది, నేను చూశాను.

తర్వాత మైక్రోమీటరు. దాంతో 0.01 మిల్లీమీటరు దాకా కొలవొచ్చు. అయితే కొలిచేది వేడిగా ఉండగా కాదు. 50 మిల్లీమీటర్ల ఉక్కు షాఫ్టు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.024 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వేడి మీద సరిగ్గా ఉందనుకుని దించితే, చల్లారాక బేరింగులో వదులవుతుంది. ఈ లెక్క ఉస్తాద్‌కు తెలియదు. ఆయన షాఫ్టును చెంపకు ఆనించి చూసి "ఇంకా ఆగు" అనేవారు. చాలా ఏళ్ల తర్వాత సెంట్రల్ టూల్ డిజైన్ సంస్థలో సాయంత్రం కోర్సు చేసినప్పుడు ఈ సూత్రాన్ని బోర్డు మీద రాసి చూపించారు. నాకు నవ్వొచ్చింది.

మందుల చీటీ

కోఠిలో మందుల దుకాణం, ఇంటర్ తర్వాత. పొద్దున తొమ్మిదికి తాళం తీస్తే రాత్రి పదికి షట్టరు దించేవాళ్లం.

నేర్చుకున్నది చెబుతాను. మందుల పట్టీలోంచి నాలుగు మాత్రలు కత్తిరించి ఇవ్వాలంటే గడువు తేదీ, బ్యాచ్ నంబరు లేని వైపు నుంచే కత్తిరించాలి. ఆ అంకెలున్న ముక్క చివరిదాకా దుకాణంలోనే మిగలాలి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కాబట్టి కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవడం నిషేధం. డాక్టరు రాత అర్థం కాకపోతే ఊహించకూడదు. "ఏం జబ్బండీ?" అని రోగినే అడగాలి. ఒకే రకంగా వినిపించే పేర్లు రెండుంటే ఒకటి గుండెకు, ఇంకొకటి కడుపుకు కావచ్చు.

ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా పట్టీని తప్పు వైపు నుంచి చింపితే నాకు ఒళ్లు మండుతుంది.

సందేహరాయుడు

ఉస్తాదులు, హెడ్ కంపోజిటర్లు అందరూ దేవుళ్లే. బాగుంది. ఒక్క సంగతి మాత్రం ఎవరూ రాయడం లేదు. పదమూడు గంటల పని, విడతల జీతం, నెలల తరబడి ఊడ్పులు. దీన్ని మనం ఇప్పుడు "నేర్పడం" అంటున్నాం. నలభై ఏళ్లు గడిస్తే దేనికైనా సువాసన వస్తుందా?

నా సంగతి వినండి. 2001. సైబర్ టవర్స్ తెరిచి మూడేళ్లయినా కాలేదు. వై2కే పని, అంటే 2000 సంవత్సరం కోసం కంప్యూటర్లలో తేదీలు సరిదిద్దే పని, అయిపోయింది, అమెరికాలో కంపెనీలు మూతపడుతున్నాయి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ గోడలన్నీ శిక్షణ ప్రకటనలే. అక్కడ ఒక సంస్థలో "శిక్షణ, ఆపైన ఉద్యోగం" అని చేరాను. డిపాజిట్టు కట్టించుకున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. రెండేళ్ల బాండు రాయించుకున్నారు. నెలలు గడిచినా జీతం లేదు. "ప్రాజెక్టు రాగానే" అనేది అక్కడ సుప్రభాతం. ఒక సోమవారం ఉదయం వెళ్తే తలుపుకు తాళం.

మా అందరి డిగ్రీలూ లోపలి బీరువాలో ఉన్నాయి. యజమాని ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. మాకు దారి చూపింది అటెండరు. బీరువా తాళం అతని దగ్గరే ఉంది. అతనికీ రెండు నెలల జీతం రావాలి. ఆ సాయంత్రం మమ్మల్ని సత్యం థియేటరు దగ్గరికి రమ్మని, సంచిలోంచి ఒక్కొక్కరి కవరు తీసి, పేరు పిలిచి, సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు. ఆ సంతకాల కాగితం ఎందుకని అడిగితే, "రేపు పోలీసులు అడిగితే నేను దొంగనని అనకూడదు కదా సార్" అన్నాడు. ఆ ఆఫీసులో పద్ధతిగా పనిచేసింది అతనొక్కడే.

నాకు ఆ ఉద్యోగం ఏమీ నేర్పలేదు. నా నుంచి తీసుకుంది, అంతే.

నిర్వాహకులు

సంస్థల పేర్లు ఊహించి రాయవద్దని మనవి. పైన రెండు వ్యాఖ్యలు తొలగించాం.

ట్రంక్ కాల్

నేను ఈ చర్చావేదికలో ఎక్కువగా చదువుతాను, తక్కువగా రాస్తాను. సందేహరాయుడు గారి కోపం న్యాయమైనదే. అయినా నాకు చెప్పాల్సిందొకటి ఉంది.

1976లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంక్ ఆపరేటరుగా చేరాను. మా ఇంట్లో ఉద్యోగానికి బయటికి వెళ్లిన మొదటి ఆడపిల్లను నేనే. సికింద్రాబాదు నుంచి డబుల్ డెక్కర్‌లో వెళ్లేదాన్ని. పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఆ రోజంతా హుషారే.

ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. వేరే ఊరికి మాట్లాడాలంటే ముందు కాల్ బుక్ చేయాలి. మేం టికెట్టు మీద సమయం, నంబరు రాసుకునేవాళ్లం. ఆర్డినరీ కాల్ అయితే గంటలు పట్టొచ్చు. అర్జెంటుకు రెట్టింపు ధర, లైట్నింగుకు ఎనిమిది రెట్లు. ఫలానా మనిషి వస్తేనే మాట్లాడతామంటే అది పీపీ కాల్. మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి "మూడు నిమిషాలయింది, పొడిగించమంటారా?" అని అడగాలి. ఏడుస్తున్న మనిషిని కూడా అడగాలి. అది మొదట్లో చాలా కష్టంగా ఉండేది.

1977 నవంబరు 19, శనివారం దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. ఆదివారం పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి బోర్డు మీద దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. మచిలీపట్నం, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు. అందరూ ఆ ఊళ్లకే అడుగుతున్నారు. విజయవాడ దాకా ఏదో రకంగా లైను దొరికేది. అవతల ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదని, వేలమంది పోయారని మాకూ అప్పటికి తెలియదు.

నేను రెండు మూడు కాల్స్‌కు "లైన్లు లేవండీ" అని చెప్పి తీసేశాను. నిబంధన ప్రకారం అంతే చాలు. మా సూపర్‌వైజరు గారు, మలయాళీ ఆవిడ, తెలుగు తడబడుతూ మాట్లాడేవారు. నా వెనక నిలబడి అంతా విన్నారు. ఏమీ అనలేదు. పక్కన కుర్చీ వేసుకుని, హెడ్‌సెట్ పెట్టుకుని, తర్వాతి కాల్ ఆవిడే తీసుకున్నారు. "బుకింగ్ రాసుకుంటున్నాను. ఇప్పుడు లైను లేదు. గంట తర్వాత నేనే మీకు ఫోను చేసి చెబుతాను, లైను వచ్చినా రాకపోయినా" అన్నారు. గంట తర్వాత నిజంగానే చేశారు. లైను రాలేదని చెప్పడానికే చేశారు. ఆ రోజు మా వరుసలో ఉన్న అమ్మాయిలందరం అదే పద్ధతి పట్టుకున్నాం. టికెట్ల కట్ట పక్కన పెట్టుకుని, ఒక్కొక్కరికీ తిరిగి ఫోను చేసి "ఇంకా లేదండీ" అని చెప్పడం. అవతలివాళ్లు ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఒకాయనైతే, "మళ్లీ చేస్తారు కదమ్మా" అని ప్రతిసారీ అడిగేవారు. నాగాయలంకకు బుక్ చేసిన మనిషి. బుధవారం డ్యూటీ మారింది. తర్వాత ఆయన సంగతి ఏమయిందో నాకు తెలియలేదు.

నేను రిటైరయ్యేదాకా ఎన్నో శిక్షణలకు పంపారు. ఆ గంట మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు.

మందుల చీటీ

అమ్మా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా అమ్మగారిది మచిలీపట్నమే.

చిక్కడపల్లి పాఠకుడు

ట్రంక్ కాల్ గారూ, మీరు ఇకపై తక్కువగా రాయడానికి వీల్లేదు.

ల్యాప్‌టాప్ పెట్టె

నేను మీ అందరికంటే చాలా చిన్నదాన్ని. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైంది, జూన్‌లో నా ఉద్యోగం మొదలైంది. ల్యాప్‌టాప్ పెట్టెలో వచ్చింది, ఆఫీసు మాత్రం నేను చూడలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి వంటగది పక్కన ఒక బల్ల, అదే నా ఆఫీసు. మా మేనేజరు ముఖం ఏడాది దాటాకే ఎదురుగా చూశాను. ఫోటోలో కంటే చాలా పొడుగు!

పైన పాఠకుడు గారి అన్నయ్య కొడుకు పరిస్థితి నాకు బాగా అర్థమవుతుంది. పక్కన మనిషి ఉంటే సందేహం అడగడానికి చొరవ అక్కర్లేదు, ముఖం చూసి వాళ్లే పలకరిస్తారు. తెర మీద ఆ వీలు లేదు. నాతో పాటు చేరిన ఒకబ్బాయి మూడు రోజులు ఒకే చోట ఇరుక్కుపోయి ఎవరినీ అడగక మౌనంగా కూర్చున్నాడు. అతనికి ఏమీ రాదని అందరూ తేల్చేశారు. నేను మాత్రం ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏం చేయాలనుకున్నాను, ఏం ప్రయత్నించాను, ఎక్కడ ఆగాను అని మూడు వాక్యాలు రాసి బృందం మొత్తానికి పంపేదాన్ని. ఎవరో ఒకరు జవాబిచ్చేవారు. అలా ప్రశ్న రాస్తుండగానే సగం సార్లు జవాబు నాకే తట్టేది, పంపకుండా తుడిచేసేదాన్ని.

నాకు ఉస్తాద్ లేరు. ఉంటే బాగుండేదని ఈ చర్చ చదివాకే అనిపించింది.

ఉస్తాద్ శిష్యుడు

అమ్మాయ్, మూడు వాక్యాల పద్ధతి మా షెడ్లో పెట్టి ఉంటే ఉస్తాద్ స్పానర్ విసిరేవారు. సరదాకు అన్నాను. మంచి పద్ధతి.

సందేహరాయుడు గారూ, మీ మాట గురించి రాత్రంతా ఆలోచించాను. మా ఉస్తాద్ మంచివారే. యజమాని మాత్రం నన్ను అప్రెంటిస్ అని పిలిచి, కాగితం మీద ఎక్కడా అప్రెంటిస్‌గా చూపించలేదు. స్టైపెండు అనేది నేను వినలేదు. పని నేర్పిన చెయ్యి వేరు, జీతం ఆపిన చెయ్యి వేరు. మేం ఇక్కడ రాస్తున్నది మొదటి చెయ్యి గురించి. మీరు రెండోదాని గురించి అడుగుతున్నారు. అడగాల్సిందే.

సందేహరాయుడు

సరే. ఆ లెక్కన నాకూ ఒక ఉస్తాద్ ఉన్నాడు. అటెండరు. ఒప్పుకుంటున్నాను.

అయినా ఇప్పుడు చేరుతున్న పిల్లలు ఈ జ్ఞాపకాలు చదివి "మొదట్లో జీతం లేకపోయినా ఫర్వాలేదు" అనుకుంటారేమోనని నా భయం. ఎవరైనా చట్టం సంగతి చెబితే బాగుంటుంది.

లెక్కల పుస్తకం

నా పని జీతాల లెక్కలే కాబట్టి చెబుతాను.

విడతల జీతం గురించి: 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే, వెయ్యి మంది కంటే తక్కువ పనివాళ్లున్న చోట నెల ముగిశాక ఏడో తేదీ దాటకుండా జీతం ఇవ్వాలని ఉండేది. 1982లో ఆ ప్రెస్సు యజమానికి తెలిసే ఉంటుంది. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. దాని కింద నమోదైన ఒప్పందం ఉంటే స్టైపెండు యజమాని దయ కాదు, బాధ్యత. అందుకే చాలామంది నమోదు చేయరు.

బాండు గురించి రెండు వైపులా అపోహలున్నాయి. "బాండు అసలు చెల్లదు" అన్న మాట నిజం కాదు. 2025లో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు పెట్టిన మూడేళ్ల, 2 లక్షల రూపాయల బాండును సమర్థించింది. అలాగని ఎంత రాయించుకుంటే అంతా వసూలు చేసుకోవచ్చన్నది కూడా నిజం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం పరిహారం సమంజసంగా ఉండాలి, రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమే. శిక్షణే ఇవ్వని, జీతమే ఇవ్వని సంస్థ కోర్టులో ఏం చూపిస్తుంది?

ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించండి, నకళ్లు ఇవ్వండి. వదిలేసి రావద్దు. తప్పనిసరి అంటే, ఏ తేదీన ఏవేవి తీసుకున్నారో, ఎప్పుడు తిరిగిస్తారో రాసిన రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వనన్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

మందుల చీటీ

లెక్కల పుస్తకం గారూ, మీరు దొరికారు కాబట్టి వదలను. మందుల దుకాణంలో పీఎఫ్ లేదు, మేం ఐదుగురమే. తర్వాత 1999 నుంచి ఒక మందుల ఫ్యాక్టరీలో నాలుగేళ్లకు పైగా చేశాను, జీడిమెట్లలో. అక్కడ పీఎఫ్ కోసేవారు. మానేశాక ఆ డబ్బు తీసుకోలేదు, మరిచిపోయాను. ఇప్పుడు చేస్తున్న చోట ఏడేళ్లయింది. ఆ పాత డబ్బు ఇంకా ఉంటుందా?

లెక్కల పుస్తకం

ఉంటుంది. డబ్బు కంటే ఆ సర్వీసే మీకు ఎక్కువ విలువైనది. పింఛను పథకం 1995 నవంబరు నుంచి ఉంది. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం అందులోకే వెళ్తుంది. దాని పరిమితి వేరు, అది ఇప్పుడు వదిలేయండి. నెలవారీ పింఛనుకు అర్హత రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఇప్పటి ఏడేళ్లకు జీడిమెట్ల నాలుగేళ్లు కలిస్తే మీరు పదేళ్లు దాటారు. కాబట్టి పాత ఖాతాలోంచి డబ్బు తీసేయకండి, ఇప్పటి ఖాతాకు బదిలీ చేయించండి. పింఛను భాగం కూడా తీసేసుకుంటే ఆ సర్వీసు లెక్కలోకి రాదు.

మందుల చీటీ

ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు, యూఏఎన్, అప్పట్లో లేదు కదా. పాత నంబరు కూడా గుర్తులేదు. ఫ్యాక్టరీ చేతులు మారిందని విన్నాను. నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కల పుస్తకం

యూఏఎన్ వచ్చింది 2014లో, అందుకే మీ పాత ఖాతా దానికి తగిలించి లేదు. ముందు ఇంట్లో వెతకండి. అప్పటి జీతపు చీటీలు, ఏడాదికోసారి ఇచ్చే పీఎఫ్ చీటీ, నియామకపు ఉత్తరం. వీటిలో దేని మీదైనా "ఏపీ" అనే అక్షరాలతో మొదలయ్యే ఖాతా సంఖ్య ఉంటుంది. దొరక్కపోతే పీఎఫ్ నడిపే సంస్థ ఈపీఎఫ్ఓ వెబ్‌సైటులో మీ సంస్థ పాత పేరుతో వెతకండి. సంస్థ కోడు, అది ఏ కార్యాలయం కిందికి వస్తుందో తెలుస్తుంది. బర్కత్‌పుర పీఎఫ్ కార్యాలయమని అందరూ చెబుతారు గానీ అన్నీ అక్కడ ఉండవు, చూసుకుని వెళ్లండి.

ఉస్తాద్ శిష్యుడు

పాత సహోద్యోగి ఎవరైనా మీతో పాటే చేరి ఉంటే వారి నంబరు అడగండి. మా దగ్గర చేరిన వరుసలోనే నంబర్లు ఇచ్చేవారు. నాది అలాగే దొరికింది.

మందుల చీటీ

అట్ట పెట్టె దించాను. 2001 నాటి పీఎఫ్ చీటీ దొరికింది, ఖాతా సంఖ్య స్పష్టంగానే ఉంది. అయితే మా నాన్నగారి పేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆధార్‌లో ఒకలా, ఇందులో ఒకలా. చిక్కడపల్లి పాఠకుడు గారూ, మీ హెడ్ కంపోజిటర్ గారు అక్కడ ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు. ఇది ఎలా సరిచేయించాలి?

లెక్కల పుస్తకం

ముందు సవరణ, తర్వాతే బదిలీ. పేరు కలవకపోతే బదిలీ దరఖాస్తు వెనక్కి వస్తుంది. యజమాని, ఉద్యోగి కలిసి సంతకం చేసే ఉమ్మడి ప్రకటన పత్రం పెట్టాలి. పదో తరగతి మెమో, ఆధార్ నకలు జతచేయండి. చీటీ ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, నకలే ఇవ్వండి.